ఖాళీ వదిలిన మనిషి

ఫస్ట్ ఇయర్‌లో హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి మా సీనియర్ అన్న ఒకాయన చెప్పిన మొదటి పాఠం ఏంటంటే, తెలిసినా తెలియకపోయినా ఆన్సర్ షీట్‌లో ఖాళీ మాత్రం వదలొద్దని. నేను ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. కెమిస్ట్రీ సెమిస్టర్ పరీక్షలో, గ్రూపులో పైనుంచి కిందికి వెళ్తుంటే మూలకాల ధర్మాలు ఎలా మారతాయో కారణాలతో రాయమన్నారు. కారణాలు తెలియవు కాబట్టి మూడు పేజీలు నింపాను. ఒక పేజీలో అయనీకరణ శక్తి పెరిగింది, తర్వాతి పేజీలో తగ్గింది. రిజల్ట్స్‌లో సప్లీ వచ్చింది.

సప్లీకి చదువుతున్నప్పుడు, ఆ ఆవర్తన పట్టికను తయారుచేసిన మనిషి ఎవరో చూద్దామని మొదలుపెట్టాను. పదో తరగతిలో మెండలీఫ్ అంటే పొడవాటి గడ్డం ఉన్న ఫొటో, కింద రెండు మార్కుల నియమం. అంతే. తీరా చూస్తే ఆయన పేరు నిలబడింది నింపిన గళ్ళ వల్ల కంటే వదిలిన ఖాళీల వల్లే ఎక్కువ. మా సీనియర్ చెప్పినదానికి సరిగ్గా ఉల్టా. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

దిమిత్రీ ఇవానోవిచ్ మెండలీఫ్ 1834 ఫిబ్రవరి 8న సైబీరియాలోని తొబోల్స్క్ ఊళ్ళో పుట్టారు. ఇంటినిండా పిల్లలు, ఈయన అందరికన్నా చిన్నవాడు. తండ్రి ఇవాన్ అక్కడి హైస్కూల్ పెద్ద. కొడుకు పుట్టిన ఏడాదే ఆయనకి చూపు పోయింది, దాంతో ఉద్యోగమూ పోయింది. అప్పుడు తల్లి మరియా కొంగు బిగించింది. ఊరికి కాస్త దూరంలో పుట్టింటివాళ్ళకి ఉన్న పాత గాజు ఫ్యాక్టరీని ఆవిడ నడిపించింది. ఇసుక, సోడా కలిసి కొలిమిలో గాజుగా మారడం చూస్తూ ఆ పిల్లాడు పెరిగాడు. కెమిస్ట్రీ ల్యాబ్ అనే మాట తెలియకముందే కెమిస్ట్రీ మధ్యలో ఉన్నాడన్నమాట.

1847లో తండ్రి పోయారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ తగలబడిపోయింది. యాభై దాటిన ఆ తల్లి ఆ స్థితిలో చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఉన్నదంతా సర్దుకుని, ఆఖరి కొడుకునీ ఒక కూతురినీ వెంటబెట్టుకుని, 1849లో రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మాస్కో చేరింది. అప్పటికి సైబీరియా నుంచి రైలు లేదు. మాస్కో యూనివర్సిటీ సీటివ్వలేదు. సైబీరియా పిల్లలు చేరాల్సింది ఆ యూనివర్సిటీలో కాదని నిబంధన. అంటే మన భాషలో నాన్-లోకల్. అక్కడినుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళారు. తండ్రి ఒకప్పుడు చదివిన టీచర్ల కాలేజీలో 1850లో, ప్రభుత్వ ఖర్చుతో చదువుకునేలా, ఎట్టకేలకు సీటు దొరికింది. కొడుకు చేరిన కొన్ని నెలలకే ఆ తల్లి కన్నుమూసింది. 1887లో ద్రావణాల మీద రాసిన పెద్ద గ్రంథాన్ని ఆయన అమ్మకే అంకితమిచ్చారు. అప్పటికి ఆయన వయసు యాభై మూడు. ముప్పై ఏడేళ్ళయినా మరిచిపోలేదు.

1855లో బంగారు పతకంతో పాసయ్యారు. క్షయ అనుమానంతో డాక్టర్లు చల్లటి పీటర్స్‌బర్గ్ వదిలి దక్షిణానికి వెళ్ళమన్నారు. క్రిమియాలో, తర్వాత ఒడెస్సాలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ఆరోగ్యం కుదుటపడ్డాక తిరిగొచ్చారు. 1859లో పైచదువుకి జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్ళారు.

అక్కడుండగానే 1860 సెప్టెంబర్‌లో కార్ల్స్‌రూ నగరంలో యూరప్ కెమిస్టులంతా సమావేశమయ్యారు. అప్పట్లో ఉన్న గందరగోళం వింటే నవ్వొస్తుంది. ఆక్సిజన్ పరమాణు భారం కొందరికి 8, కొందరికి 16. నీటి ఫార్ములా కూడా మనిషికొకటి. ఇటలీ నుంచి వచ్చిన కన్నిజారో అక్కడ పరమాణు భారాలను ఒక పద్ధతిలో ఎలా లెక్కగట్టాలో గట్టిగా వాదించారు. ఆయన రాసిన చిన్న పుస్తకం చివర్లో అందరికీ పంచారు. ఇరవయ్యారేళ్ళ మెండలీఫ్ ఆ హాల్లో ఉన్నారు. జర్మన్ శాస్త్రవేత్త లోథర్ మేయర్ కూడా ఉన్నారు. వీళ్ళిద్దరూ తర్వాత దాదాపు ఒకే దారిలో నడవడం యాదృచ్ఛికం కాదు. నమ్మదగిన అంకెలు చేతికొచ్చాకే వరుస కనిపిస్తుంది.

అంతకుముందు వరుస వెతికినవాళ్ళు లేరని కాదు. డాబరీనర్ త్రికాలు మనం చదివినవే: లిథియం 7, పొటాషియం 39, వాటి సగటు 23, సరిగ్గా సోడియం. 1865లో న్యూలాండ్స్ ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందని, సంగీతంలో స్వరాల్లా ఉందని చెప్తే, లండన్ సభలో అక్షరక్రమంలో పెట్టి చూశారా అని ఎగతాళి చేశారు. ఆయన వరుసలో ఒక పెద్ద చిక్కుంది. తెలిసిన మూలకాలన్నిటినీ ఖాళీల్లేకుండా కూరారు. దాంతో కొన్నిచోట్ల పొంతన లేనివి ఒకే గదిలో పడ్డాయి. నా ఆన్సర్ షీట్ కథే ఇది కూడా.

మెండలీఫ్ 1867లో పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. పిల్లలకి చెప్పడానికి రష్యన్‌లో సరైన పుస్తకం లేదు. తనే రాయడం మొదలుపెట్టారు. ఆవర్తన పట్టిక పుట్టింది ఈ టెక్స్ట్‌బుక్ అవసరంలోంచే. మొదటి సంపుటం పూర్తయ్యేసరికి ఆయన వివరంగా చెప్పింది ఎనిమిది మూలకాల గురించే: హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, నాలుగు హాలోజన్లు. అప్పటికి తెలిసినవి 63. ఇంకా 55 మిగిలాయి, చేతిలో ఒక్క సంపుటమే. సిలబస్ మిగిలిపోయి పరీక్షలు దగ్గరపడ్డ లెక్చరర్ పరిస్థితి.

హాలోజన్ల తర్వాత క్షార లోహాలు చెప్దామనుకున్నారు. ఈ రెండు కుటుంబాలూ ఒకదానికొకటి పూర్తి విరుద్ధం. ఒకటి లోహాలు, ఇంకొకటి అలోహాలు. రెండూ ఆవేశపరులే, కానీ తీరు వేరు. నీళ్ళలో వేస్తే లిథియం బుసబుసలాడుతూ తేలుతుంది, సోడియం కరిగి గోళీలా అటూ ఇటూ పరుగెడుతుంది, పొటాషియం అంటుకుని ఊదారంగు మంటతో మండుతుంది. అంటే కిందికి వెళ్ళేకొద్దీ ఉధృతం పెరుగుతుంది. హాలోజన్లలో తిరగబడుతుంది. ఫ్లోరిన్ అందరికన్నా కోపిష్టి, క్లోరిన్ కాస్త నయం, బ్రోమిన్ ఇంకా నయం, అయోడిన్ నెమ్మదస్తుడు. కారణం ఇప్పుడు మనకి తెలుసు. కిందికి పోయేకొద్దీ బయటి కక్ష్య కేంద్రకానికి దూరమవుతుంది. ఉన్న ఎలక్ట్రాన్‌ని వదులుకోవడం తేలికవుతుంది, కొత్తదాన్ని లాక్కోవడం కష్టమవుతుంది. ఒకే కారణం, రెండు ఫలితాలు. ఈ ఒక్క ముక్క నాకు ఆ రోజు తెలిసుంటే మూడు పేజీలు అక్కర్లేదు, మూడు లైన్లు చాలు. కానీ మెండలీఫ్‌కి ఎలక్ట్రాన్ తెలియదు. అది బయటపడింది 1897లో. ఆయన దగ్గరున్నవి పరమాణు భారాలు, ధర్మాలు, అంతే.

1869 మార్చి 1 (రష్యా పాత క్యాలెండర్‌లో ఫిబ్రవరి 17). ఆ రోజు ఆయన జున్ను తయారుచేసే సహకార సంఘాలను తనిఖీ చేయడానికి ఊరెళ్ళాలి. దానికోసం వచ్చిన ఉత్తరం వెనకవైపే లెక్కలు గీశారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. హాలోజన్ల భారాలు, క్షార లోహాల భారాలు పక్కపక్కన పెట్టి చూడండి: క్లోరిన్ 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయోడిన్ 127, సీసియం 133. గుణాల్లో ఉత్తరదక్షిణ ధ్రువాలు, భారాల్లో ఇరుగుపొరుగు! ప్రతి జంట మధ్యా చిన్న తేడానే. అంటే భారం పెరిగేకొద్దీ ధర్మాలు మెల్లగా మారుతూ ఒక అంచుకి చేరతాయి, అక్కడినుంచి ఒక్క గెంతులో మళ్ళీ మొదటికొస్తాయి. అదే ఆవర్తనం.

ఈ పట్టిక ఆయనకి కలలో కనిపించిందని ఒక కథ ఉంది. మూలకాల పేర్లు కార్డుల మీద రాసి పేకాటలా పేర్చారని ఇంకో కథ. నేను మాత్రం దొరికిన చిత్తుప్రతినే నమ్ముతాను. నిండా కొట్టివేతలు, మళ్ళీ రాతలు. కలలో వచ్చినదాన్ని ఎవరూ అన్నిసార్లు కొట్టేయరు. అలాగే వోడ్కాలో 40 శాతం ఆల్కహాల్ ఉండాలని తేల్చింది ఈయనే అని మన మీమ్స్ పేజీల్లో తిరుగుతుంటుంది. ఆయన 1865 డాక్టరేట్ ఆల్కహాల్-నీళ్ళ మిశ్రమం మీద అన్నది నిజమే కానీ, దానికీ వోడ్కా ప్రమాణానికీ సంబంధం లేదు.

పట్టిక అచ్చయింది. రష్యన్ కెమికల్ సొసైటీలో పేపర్ చదవాల్సిన రోజున ఆయన జున్ను పర్యటనలో ఉండటంతో స్నేహితుడు మెన్షుత్కిన్ చదివిపెట్టారు.

ఇక ఖాళీల సంగతి. భారం వరుసలో జింక్ 65 తర్వాత ఆర్సెనిక్ 75. న్యూలాండ్స్‌లా ఆలోచిస్తే జింక్ పక్క గడి ఆర్సెనిక్‌దే. కానీ అలా పెడితే ఆర్సెనిక్ అల్యూమినియం కిందికి వస్తుంది. దాని గుణాలు చూస్తే అది ఫాస్ఫరస్ కుటుంబం. కాబట్టి మెండలీఫ్ దాన్ని ఫాస్ఫరస్ కిందే పెట్టి, మధ్యలో రెండు గళ్ళు వదిలేశారు. ఆ గళ్ళలో ఉండాల్సినవాళ్ళు ఇంకా దొరకలేదన్నారు. ఊరికే వదల్లేదు. 1871లో వాటి జాతకం కూడా రాశారు. ఎలా రాశారో మనమే చేసి చూడొచ్చు. రెండో ఖాళీకి పైన సిలికాన్ 28, కింద తగరం 118. సగటు 73. పక్కనున్న ఆర్సెనిక్ 75 కంటే తక్కువే ఉండాలి. ఆయన 72 అన్నారు. సాంద్రత 5.5, బూడిదరంగు లోహం, క్లోరైడ్ వంద డిగ్రీల లోపే మరిగే ద్రవం అన్నారు.

ఈ ఖాళీలకి ఆయన పెట్టిన పేర్లు చూసి నేను కుర్చీలోంచి లేచాను. ఎకా-అల్యూమినియం, ఎకా-సిలికాన్ అని నా ఇంటర్ నోట్సులో ఉంది. లాటినో రష్యనో అనుకున్నా. తీరా అది మన ఏక! ఏకవచనంలో ఉన్న ఏక. సంస్కృతంలో ఒకటి. అల్యూమినియం తర్వాత ఒకటో గడి కాబట్టి ఏక-అల్యూమినియం. మాంగనీస్ కింద రెండు గళ్ళు ఖాళీ ఉంటే ద్వి-మాంగనీస్ కూడా ఉంది. పాణిని వ్యాకరణాన్ని అచ్చువేసిన పండితుడు బోట్‌లింక్ పీటర్స్‌బర్గ్‌లోనే ఉండేవారు కాబట్టి ఆ ప్రభావం కావచ్చని కొందరి ఊహ. ఊహ సంగతి అలా ఉంచితే, అచ్చుల్ని, హల్లుల్ని పుట్టే చోటును బట్టి వర్గాలుగా పేర్చిన వర్ణమాల చదువుకున్న మనకి, గుణాన్ని బట్టి పేర్చిన పట్టిక కొత్తగా అనిపించకూడదు. క నుంచి మ దాకా ఉన్న ఐదు వరుసలు గుర్తుచేసుకోండి. నిలువుగా చదివినా, అడ్డంగా చదివినా ఒక క్రమం ఉంటుంది.

నాలుగేళ్ళపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1875లో ఫ్రాన్స్‌లో లెకోక్ ద బొయిబోద్రాన్ ఒక జింక్ ఖనిజంలో గాలియం కనిపెట్టారు. మెండలీఫ్ వెంటనే అది తన ఏక-అల్యూమినియమేనని రాశారు. అంతటితో ఆగారా? సాంద్రత 4.7 అని కొలిచింది తప్పనీ, 5.9 దాకా రావాలనీ చెప్పారు. ఆ లోహాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషి, దాన్ని చేతిలో పట్టుకున్న మనిషికి కొలత తప్పని చెప్పడం! మళ్ళీ శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. తేలిగ్గా కరుగుతుందని కూడా ముందే అన్నారు. గాలియం 30 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండాకాలంలో అయితే టేబుల్ మీద పెడితే చాలు, ద్రవమే. 1879లో స్వీడన్‌లో నిల్సన్‌కి స్కాండియం దొరికింది, అది ఏక-బోరాన్. 1886లో జర్మనీలో వింక్లర్ ఒక వెండి ఖనిజాన్ని విశ్లేషిస్తే ప్రతిసారీ దాదాపు ఏడు శాతం లెక్క తగ్గుతోంది. ఆ తగ్గినది జెర్మేనియం, అంటే ఏక-సిలికాన్. భారం 72.6, సాంద్రత 5.35, క్లోరైడ్ మరిగేది 86 డిగ్రీల దగ్గర. ఈసీఈ మిత్రులకి ఒక మాట: 1947లో మొట్టమొదటి ట్రాన్సిస్టర్ చేసింది ఈ జెర్మేనియంతోనే.

లోథర్ మేయర్ గీసిన పట్టిక కూడా మంచిదే. 1882లో లండన్ రాయల్ సొసైటీ ఇద్దరికీ కలిపి డేవీ పతకం ఇచ్చింది. కానీ ఖాళీలో ఏముంటుందో ఇంత వివరంగా రాసి, తప్పయితే నవ్వులపాలవడానికి సిద్ధపడింది మెండలీఫ్.

అయితే ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఇల్లు అంత సాఫీగా సాగలేదు. మొదటి పెళ్ళి విఫలమై, వయసులో చాలా చిన్నదైన అన్నాను 1882లో చర్చి గడువు ఆగకుండానే పెళ్ళి చేసుకున్నారు. 1880లో రష్యా సైన్స్ అకాడమీలో ఒక్క ఓటుతో సభ్యత్వం పోయింది. మనిషి కోపిష్టి, మొండి. ఆ మొండితనమే 1887 సూర్యగ్రహణం రోజు బెలూన్ తడిసి ఇద్దరిని మోయలేకపోతే, నడపడం రాకపోయినా ఒక్కడే ఎక్కి మేఘాల పైకి వెళ్ళేలా చేసింది. క్షేమంగానే దిగారు.

1890 సంఘటన మాత్రం మనం తప్పకుండా తెలుసుకోవాలి. యూనివర్సిటీలో విద్యార్థుల ఆందోళన. వాళ్ళ వినతిపత్రాన్ని మంత్రికి తానే అందిస్తానని మెండలీఫ్ మాటిచ్చారు. మంత్రి దాన్ని తిప్పిపంపారు. ప్రపంచమంతా పేరున్న ప్రొఫెసర్, పిల్లల కాగితం వెనక్కొచ్చిందని ఉద్యోగం వదిలేశారు. తర్వాత తూనికలు, కొలతల సంస్థ బాధ్యత తీసుకుని, రష్యాలో మెట్రిక్ పద్ధతికి 1899లో దారి వేశారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆయన గెలుపు కాదు, ఆయన చూడలేకపోయిన ఖాళీ. పైన రాసిన జంటలు మళ్ళీ చూడండి. క్లోరిన్‌కీ పొటాషియంకీ మధ్య, బ్రోమిన్‌కీ రుబీడియంకీ మధ్య, అయోడిన్‌కీ సీసియంకీ మధ్య ఒక నిలువు వరుస మొత్తం దాక్కుని ఉంది. ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్. ఒక్కో గడి ఖాళీని పసిగట్టిన మనిషికి ఆ గ్రూపంతా కనిపించలేదు. ఎందుకంటే ఆయన ఊహించిన ప్రతి ఖాళీకి పైనో కిందో తెలిసిన చుట్టం ఉంది. ఈ కుటుంబంలో ఒక్కరూ తెలియదు. 1894లో రేలీ, రామ్సే ఆర్గాన్ ప్రకటిస్తే, అది మూలకమే కాదు, మూడు నైట్రోజన్ పరమాణువుల అణువు అయ్యుంటుందని ఆయన వాదించారు. మిగతా జడవాయువులూ వచ్చి, అన్నీ కలిసి సున్నా గ్రూపుగా కుదురుకున్నాక ఒప్పుకున్నారు. పట్టిక కూలలేదు, ఇంకా నిండుగా తయారైంది.

ఎలక్ట్రాన్‌ని, రేడియోధార్మికతకి ఇచ్చిన వివరణని మాత్రం చివరిదాకా నమ్మలేదు. పరమాణువు విడిపోతుందంటే మూలకానికి ఉన్న స్థిరత్వమే పోతుందని భయం. టెల్లూరియం 128, అయోడిన్ 127. భారం ప్రకారం అయోడిన్ ముందు రావాలి. ఆయన గుణం చూసి టెల్లూరియంనే ముందు పెట్టి, దాని భారం తప్పు కొలిచారన్నారు. స్థానం కరెక్టే, చెప్పిన కారణం తప్పు. 1913లో మోస్లీ ఎక్స్-రేలతో పరమాణు సంఖ్య తేల్చాక అసలు కారణం తెలిసింది. అంటే భారంతో కట్టిన ఇంటికి పునాది వేరే ఉంది. ఆ పునాదిని ఆయన నమ్మని కణాల్లోనే వెతకాల్సొచ్చింది.

1906లో నోబెల్ కమిటీ ఆయన పేరు సిఫార్సు చేసింది. అకాడమీ మార్చి, ఫ్లోరిన్‌ను వేరుచేసిన మొయిసాన్‌కి ఇచ్చింది. తన సిద్ధాంతాన్ని విమర్శించినందుకు అర్రీనియస్ అడ్డుపడ్డారని చరిత్రకారులు చెప్తారు. 1907 ఫిబ్రవరి 2న మెండలీఫ్ పోయారు. అంతిమయాత్రలో విద్యార్థులు ఆవర్తన పట్టికను ఎత్తి పట్టుకుని నడిచారు. 1955లో అమెరికాలో, కోల్డ్ వార్ మధ్యలో, కొత్తగా చేసిన 101వ మూలకానికి అక్కడివాళ్ళే ఈ రష్యన్ పేరు పెట్టారు: మెండలీవియం.

సప్లీ రాశాను. ఒక ప్రశ్నకి జవాబు పూర్తిగా రాలేదు. ఈసారి నింపలేదు. తెలిసిన రెండు మూలకాలు రాసి, మధ్యది వాటి మధ్యలో ఉండాలని కారణం చెప్పి, అంకె దగ్గర గీత గీసి వదిలేశాను. ఎన్ని మార్కులు పడ్డాయో తెలియదు కానీ పాసయ్యాను. మా సీనియర్ అన్నకి ఈ సంగతి చెప్తే, నువ్వేమన్నా మెండలీఫ్‌వా అని నవ్వాడు.

మన కెమిస్ట్రీ ల్యాబ్ గోడ మీద చార్టు పాతది. ఏడో వరుస చివర్లో కొన్ని గళ్ళకి పేర్లు లేవు. 2016లో ఆ పేర్లు ఖాయమయ్యాయి, 118 దాకా వరుస నిండిపోయింది. 119 ఇంకా ఎవరికీ దొరకలేదు. అది ఫ్రాన్షియం కింద కూర్చోవాలి, కాబట్టి ఏక-ఫ్రాన్షియం. ఈసారి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు ఆ చార్టు కింద, ఎవరూ గీయని ఆ గడి దగ్గర ఒక నిమిషం ఆగండి. పైనున్న చుట్టాలను చూసి, అది ఎలా ఉంటుందో మీరే రాసి చూడండి.